బండ కదలకముందే

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో బండలాగుడు పోటీకి చాలామంది ఎండెక్కాక వస్తారు. పోటీ తెలిసినవాళ్ళు పొద్దున్నే వస్తారు. లారీల్లోంచి గిత్తలను దింపి వేపచెట్ల నీడన కట్టేసే వేళకే అక్కడుంటారు. వాళ్ళలో చాలామందికి సొంత జత ఉండదు. ఒకప్పుడు నాన్నకో తాతకో ఉండేది. అయినా ఒక్కో జత చుట్టూ తిరుగుతారు, వెనక నిలబడి చూస్తారు, పక్కకొచ్చి చూస్తారు, నాలుగడుగులు నడిపించమని అడుగుతారు. మధ్యాహ్నానికి ఏ జత ఎంత దూరం పోతుందో వాళ్ళకు అప్పుడే ఒక అంచనా ఏర్పడుతుంది. ఎద్దుల సేద్యం దాదాపు పోయిన ఈ రోజుల్లో పశువును చూసి తెలుసుకునే ఆ విద్య బతికున్న చోటు పోటీ మైదానమేనని నా నమ్మకం.

పోటీ నియమం సులువైనదే. రాతిబండకు గొలుసు తగిలించి జతను కాడికి కడతారు. పది నిమిషాలో, పదిహేనో, ఇరవయ్యో కమిటీ ముందే చెబుతుంది. ఆ గడువులో ఎంత దూరం లాగితే అంత. దూరం అడుగుల్లో లెక్క, పోటాపోటీ అయితే అంగుళాల దాకా వెళ్తుంది. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు అని విభాగాలు ఉంటాయి. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. పెద్ద విభాగాల్లో అది టన్ను దాటిపోతుంది.

విభాగాలన్నీ పళ్ళ లెక్కన ఏర్పడ్డవి కాబట్టి చూపు నోటి దగ్గరే మొదలవుతుంది. పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. నడిమి జత పాలపళ్ళు ముందు రాలి, వాటి చోట వెడల్పాటివి వస్తాయి. అది సుమారు రెండు, రెండున్నరేళ్ళ ప్రాయంలో. ఆ తర్వాత వరసగా ఒక్కో జత మారుతూ ఐదేళ్ళు వచ్చేసరికి నోరు నిండుతుంది. అయితే రెండు పళ్ళు నిన్నగాక మొన్న వేసిన గిత్త, మూడో పన్ను కదులుతున్న గిత్త ఒకే విభాగంలో పక్కపక్కన నిలబడవచ్చు. వాటి మధ్య చాలా నెలల మేత తేడా ఉంటుంది. కాగితం మీద రెండూ రెండు పళ్ళవే. చేత్తో పెదవి పక్కకు లాగి చిగురు చూసినవాడికే ఆ తేడా దొరుకుతుంది.

కొత్తగా చూసేవాళ్ళ కళ్ళు మూపురం మీద ఆగిపోతాయి. ఒంగోలు గిత్త అందం అక్కడే ఉంది మరి! తెల్లటి ఒళ్ళు, తల, మెడ, మూపురం మీద కమ్ముకున్న నల్లటి ఛాయ, కిందికి వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు. చూస్తూ నిలబడిపోవాలనిపిస్తుంది. కానీ బండను కదిలించే సత్తువ పుట్టేది వెనక కాళ్ళలో. తొడలు వెనక నుంచి చూస్తే నిండుగా ఉండాలి, వెనక కాళ్ళ కీళ్ళు ఒకదానికొకటి రాసుకోకూడదు. గిట్టల రెండు చీలికలూ సమంగా నేలను పట్టాలి. ఉదయగిరి వైపు గరపనేల మీద గిట్ట పట్టు తప్పిందంటే ఎంత కండ ఉన్నా వృథా. నడిపించినప్పుడు ముందు కాలు ఎత్తిన చోటికి వెనక కాలు వచ్చి పడుతోందా అని చూస్తారు. అడుగు పొట్టిగా పడితే ఎక్కడో నొప్పి దాగి ఉన్నట్టు. ఆ తర్వాత మెడ. కాడి ఆనే చోట చర్మం గట్టిపడి ఉండాలి, పుండు ఉండకూడదు. కాడి పుండు మానీ మానకుండా తెచ్చిన ఎద్దు మొదటి పట్టులో ఊపుగానే కదులుతుంది, బరువు మెడ మీద కుదురుకున్నాక వెనక్కి తగ్గుతుంది.

సుడుల శాస్త్రం కూడా ఒకటుంది. ఏ సుడి ఎక్కడుంటే యజమానికి కలిసొస్తుందో చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. బేరాల దగ్గర దానికి విలువుంది. బండ లాగడంతో దానికి సంబంధం లేదని నా అభిప్రాయం.

ఒక్కో గిత్తను విడిగా చూడటం సగం పనే. లాగేది జత కదా. ఎడమ వైపు కట్టేది దాపటెద్దు, కుడి వైపుది వలపటెద్దు. ఒకే ఎత్తు, ఒకే అడుగు, ఒకే స్వభావం ఉన్న రెండు గిత్తలు దొరకడం కష్టం. అందుకే రైతులు ఒక మంచి గిత్త దొరికాక దానికి తోడు కోసం జిల్లాలు దాటి తిరుగుతారు. చెట్ల కింద వినిపించే మాటల్లో ఎక్కువ భాగం దీని గురించే.

"మామా, ఈ జత ఎట్టుంది?"

"దాపటిది బాగుండాదిరా. వలపటిది ముందే ఉరకతాది, తోడు వచ్చేదాకా ఆగదు. నాలుగు పట్లు పోయినాక అలిసిపోతాది, చూడు."

ఆ పెద్దాయన చెప్పిన దాంట్లో ఒక లెక్క ఉంది. రెండూ ఒకే క్షణంలో ఒరిగితేనే బలం కలుస్తుంది. ఒకటి ముందు, ఒకటి వెనకయితే బండ బరువంతా మొదట ఒకదాని మెడ మీద, తర్వాత రెండోదాని మెడ మీద పడుతుంది. బలంలో తేడా ఉన్న జతను సర్దే ఉపాయం కాడి దగ్గరే ఉంది. గొలుసు తగిలించే చోటును కాడి నడిమధ్య నుంచి బలమైన ఎద్దు వైపు కొద్దిగా జరిపితే, బలహీనమైన దానికి కాడి కొమ్ము పొడవై లాగడం తేలికవుతుంది. బలమైనది ఎక్కువ బరువు మోస్తుంది. దుక్కిలో ముసలి ఎద్దుకు పడుచు ఎద్దును తోడు కట్టినప్పుడు మన తాతలు చేసింది ఇదే.

గొలుసు పొడవులోనూ నేర్పు ఉంది. గొలుసు పొట్టిగా ఉంటే లాగినప్పుడు బండ ముందంచు కొంచెం లేస్తుంది, నేల రాపిడి తగ్గుతుంది, కానీ మెడ మీద బరువు పెరుగుతుంది. పొడవుగా ఉంటే మెడకు సుఖం, బండ నేలను కరుచుకుంటుంది. వదులు మట్టిలో ఒక కొలత పనికొస్తే గట్టి నేల మీద మరొకటి పనికొస్తుంది. అందుకే అనుభవం ఉన్న యజమాని పోటీకి ముందు ట్రాకంతా నడిచి, కాలి బొటనవేలితో మట్టి గీరి చూసుకుంటాడు.

ఇక అన్నిటికన్నా కీలకమైన క్షణం బండ కదిలే క్షణం. ఆగి ఉన్న బండను కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న బండను లాగడానికి అక్కర్లేదు. మంచి తోలేవాడు దీన్ని ఒంటితో తెలుసుకున్నవాడు. గొలుసు వదులుగా ఉండగా ఎద్దులను ఉరికించడు. ముందు గొలుసు బిగిసేదాకా అడుగు వేయిస్తాడు, రెండు మెడలూ కాడికి ఆనాక ఒక్క కేక వేస్తాడు. బండ కదిలాక మధ్యలో ఆగనివ్వడు. ఆగిన ప్రతిసారీ మొదటి బలం మళ్ళీ పెట్టాల్సిందే, దాంతోపాటే ఊపిరీ ఖర్చవుతుంది. కొసకు వెళ్ళాక జతను తిప్పి మళ్ళీ లాగించాలి. చాలా పోటీలు ఆ మలుపు దగ్గరే తేలిపోతాయి. వెనక్కి తిరిగేటప్పుడు కాళ్ళు తడబడని జత, గడియారం మీద సంపాదించుకునే క్షణాలే చివరికి వంద అడుగులవుతాయి.

ఎద్దు రోజంతా పని చేయాలంటే తన బరువులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ బలంతో లాగగలదని వ్యవసాయ ఇంజనీర్లు చెబుతారు. బండ దగ్గర అది అంతకు ఎన్నో రెట్లు పెడుతుంది, కొద్ది నిమిషాలు మాత్రమే. అలాంటి పనికి ఒంటిని సిద్ధం చేయడానికి నెలలు పడుతుంది. ఉడికించిన ఉలవలు, జొన్న చొప్ప, తవుడు, పత్తిగింజలు, పొద్దున్నే నడక, ఇసుకలో చిన్న బరువుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం. ఇంటి ఖర్చులో పిల్లల చదువు తర్వాత గిత్తల మేతకే ఎక్కువ పెట్టే కుటుంబాలు ఈ మెట్టలో ఉన్నాయి. గెలిచిన బహుమతి సొమ్ము ఆ మేతకు చాలదు.

మనవాళ్ళలో గుర్రప్పందేల సరదా ఉన్నవాళ్ళకు మద్రాసు గిండీ, హైదరాబాదు మలక్‌పేట తెలిసినవే. అక్కడికి వెళ్ళేవాడి దినచర్య కూడా ఇలాగే ఉంటుంది. రేసు పుస్తకంలో గుర్రం వయసు, తల్లిదండ్రులు, మోసే బరువు, గత పరుగులు, జాకీ పేరు చదువుకుంటాడు. పరుగుకు ముందు ప్యాడక్‌లో గుర్రం నడక చూస్తాడు. గెలుపు ఎక్కువగా గుర్రం పుట్టుక, శిక్షణ, రౌతు నేర్పు మీద ఆధారపడుతుంది కాబట్టి గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించిన ఆట అని 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండలాగుడులో అంతకంటే తక్కువ నైపుణ్యమేమీ లేదు. కానీ ఇక్కడ జతల మీద డబ్బు కాయడం 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద జూదమే. అలా ఉండటమే మంచిదని నేను అంటాను. డబ్బు కాసినవాడు తాను కాసిన జతనే చూస్తాడు. ఏమీ కాయని అభిమాని అన్ని జతలనూ చూస్తాడు. కరపత్రం వెనక పెన్సిలుతో ప్రతి జత అడుగులూ రాసుకుంటాడు, పొద్దున తాను చెప్పినదానితో సరిచూసుకుంటాడు, ఎక్కడ తేడా వచ్చిందో ఇంటికెళ్ళే బస్సులో పక్కవాడితో వాదిస్తాడు. అతను గెలుచుకునేది వచ్చే ఏడాదికి మరింత పదునెక్కిన చూపు.

ఈ చూపుకు ఉన్న విలువ మన జిల్లా చరిత్రలోనే ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. అందుకే ఓడలెక్కి వెళ్ళిన ఒంగోలు పశువులకు బయటి దేశాల్లో నెల్లూరు పేరే, నెలోరెగా, నిలిచింది. 1868లో ఇంగ్లండుకు వెళ్తున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని జత అక్కడే అమ్ముడుపోయింది. 1878లో లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గ్ జంతుశాల నుంచి మరో జత కొనుక్కెళ్ళాడు. 1960ల మొదట్లో వెళ్ళిన గిత్తల్లో ఒకదాని పేరు కర్వాది. ఒంగోలు పక్కన ఉన్న కరవది ఊరి పేరే అది. ఈ రోజు బ్రెజిల్‌లోని ఇరవై కోట్లకు పైబడిన పశువుల్లో అధిక భాగం నెలోరె జాతివి, లేదా ఆ రక్తం కలిసినవి. అక్కడ పెంచేది మాంసం కోసం. 2023లో వియాటినా-19 అనే నెలోరె ఆవులో మూడో వంతు వాటాను అమ్మిన ధరను బట్టి దాని విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఓడెక్కిన ఆ గిత్తలను తయారుచేసింది పుస్తకాలు చదివిన శాస్త్రవేత్తలు కాదు. చెట్టు కింద నిలబడి తొడలు, గిట్టలు, నడక చూసి ఏ గిత్తను ఆవుకు వదలాలో, దేన్ని విత్తు కొట్టించి దుక్కికి పంపాలో నిర్ణయించిన రైతులు.

ట్రాక్టరు వచ్చాక దుక్కికి ఎద్దు అక్కర్లేకుండా పోయింది. పాల కోసం జెర్సీ సంకరాలు వచ్చాక ఒంగోలు ఆవు వెనకబడింది. మగదూడ పుడితే సాకడానికి రైతుకు కారణమే మిగలలేదు. ఆ కారణాన్ని ఇప్పటికీ ఇస్తున్నది బండలాగుడు. పోటీలు లేకపోతే ఈ మెట్టలో మేలైన గిత్త పేరు చెప్పి దూడను కొనేవాళ్ళు ఎందరుంటారు?

ఇంత చెప్పాక, పోటీల్లో జరిగే తప్పులను దాచడం న్యాయం కాదు. మేకు దిగేసిన ముల్లుగర్ర, తోక మెలిపెట్టడం, చర్నాకోలతో వాతలు తేలేలా కొట్టడం, ఉత్తేజానికి సూదులు వేయడం ఎక్కడ జరిగినా అది పశువు మీద క్రూరత్వమే, 1960 నాటి చట్టం కూడా అదే చెబుతుంది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను ఆపేయడానికి కారణం ఇలాంటివే. ఆ 1960 చట్టానికి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణలను 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం నిలబెట్టింది, ఆ సవరణలతో పశువు బాధ తగ్గుతుందన్న భరోసా మీద. బరువులాగే పశువుల గురించి 1965లో వచ్చిన నిబంధనలు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వాటితో పని చేయించకూడదంటాయి. మన మెట్టలో వేసవి తిరునాళ్ళ పోటీలకు ఈ ఒక్క నిబంధన చాలు, వేళలు మార్చుకోవడానికి. నేను చూసిన పెద్దలెవరూ దెబ్బలతో లాగిన జతను మెచ్చుకోలేదు. కేకకే కదిలే జతను వాళ్ళు పేరుపెట్టి ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు.

కమిటీలు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. కర్ర, చర్నాకోల లేకుండా తోలే విభాగం ఒకటి పెట్టి దానికి పెద్ద బహుమతి ఇవ్వవచ్చు. బండకు కట్టేముందు పశువైద్యుడు మెడ, గిట్టలు చూసి సంతకం చేయాలనవచ్చు. కరపత్రంలో ఇప్పుడు యజమానుల పేర్లు, దాతల పేర్లు ఉంటాయి. వాటి పక్కన ప్రతి గిత్త తండ్రి పేరు, తల్లి ఏ ఊరి ఆవో కూడా అచ్చు వేయాలి. ఉదయగిరి నియోజకవర్గంలోనే, కొండాపురం మండలం చింతలదేవిలో దేశవాళీ జాతుల కోసం జాతీయ కామధేను బ్రీడింగ్ సెంటర్ ఉంది. ఏ తండ్రి కొడుకులు ఎన్ని అడుగులు లాగాయో, ఏ తల్లి పిల్లలు కొట్టకుండానే కదిలాయో పదేళ్ళ కరపత్రాల్లో నమోదై ఉంటే, ఆ కేంద్రానికి గిత్తల ఎంపికలో అది అక్కరకొస్తుంది. పెన్సిలుతో అడుగులు రాసుకునే అభిమానుల దగ్గర ఆ లెక్కలో సగం ఇప్పటికే ఉంది. వచ్చే సంక్రాంతి పోటీల నుంచే కమిటీలు వాళ్ళను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.