షోడాన్ గొంతు

అంతరిక్ష నౌకను నడిపే కృత్రిమ మేధకు ముఖం ఉండదు, నడక ఉండదు. ఆటగాడికి అందేది గొంతు ఒక్కటే. దానితోనే పాత్రను నిలబెట్టడం గేమ్ రూపకర్తల విద్యల్లో నాకు అన్నిటికన్నా ఇష్టం.

1999లో వచ్చిన ‘సిస్టమ్ షాక్ 2’ చూడండి. వాన్ బ్రౌన్ అనే నౌకలో డాక్టర్ పాలిటో రేడియోలో దారి చెబుతుంటుంది. తీరా ఆమె గదికి చేరితే, ఆమె ఎప్పుడో చనిపోయి ఉంటుంది. ఇంతసేపూ మాట్లాడింది షోడాన్, 1994 నాటి మొదటి ఆటలో మనం ఓడించిన యంత్రం! అయినా ఆమె మాట వినక తప్పదు. పని పూర్తిచేస్తే మన శక్తులు పెంచే సైబర్ మాడ్యూళ్లు ఇచ్చేది ఆమే. ఆమె పెత్తనం సంభాషణల్లోనే కాదు, ఆట నియమాల్లోనే ఉంది. రూపకర్తల అసలు ప్రతిభ అదే.

ఆ గొంతు టెర్రీ బ్రోసియస్‌ది. ధ్వని విభాగంలో ఆమె భర్త ఎరిక్ పనిచేశారు. మాట మధ్యలో నత్తి, ఒకే వాక్యంలో మారిపోయే స్థాయి, ఒకదానిపై ఒకటి పడే స్వరాలు: వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది.

గేమ్‌లకు కథ రాయాలనుకునేవాళ్లు దీన్ని ఒక్కసారైనా హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడండి.