చార్మినార్ రూపాయి విలువ కట్టే తీరు

తెలంగాణలోని పాత ఇళ్లలో, దేవుని గూట్లోనో పెళ్లినాటి వెండి సామాను మధ్యనో ఇప్పటికీ తరచుగా దొరికే నాణెం చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో 1903 ప్రాంతంలో మొదలైన ఈ నమూనా, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో విస్తారంగా వెలువడింది. చెలామణిలో ఉన్న నాణెమనే అర్థంలో దీనిని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిషిండియా రూపాయికి జనం పెట్టుకున్న పేరు కల్దారు. 1959 దాకా చట్టం గుర్తించిన నాణెం గనుక ఇవి నేటికీ బోలెడు మిగిలి ఉన్నాయి, అందువల్ల వందేళ్ల నాటిదన్న ఒక్క కారణంతో ఏ రూపాయీ అపురూపం కాదు.

విలువ కట్టేవారు ముందుగా నాణెం ఎవరిదో, ఏ సంవత్సరానిదో తేల్చుకుంటారు. చార్మినార్ నడిమి ద్వారంలో మీమ్ అనే అక్షరం ఉంటే మహబూబ్‌ది, ఐన్ ఉంటే ఉస్మాన్‌ది. బొమ్మవైపు హిజ్రీ సంవత్సరం, బొరుసువైపు పాలన సంవత్సరం పారసీ అంకెల్లో ఉంటాయి. ఇందులో ఏడు అంకె రెండు గీతలు కింద కలిసినట్టు, ఎనిమిది పైన కలిసి ఇంటి కప్పులా కనిపిస్తాయి, సున్న ఒక చుక్క మాత్రమే. ఉస్మాన్ పాలన హిజ్రీ 1329లో, అంటే 1911లో మొదలైంది కాబట్టి ఆ లెక్కతో రెండు సంవత్సరాలూ పొసగకపోతే నాణేన్ని అనుమానించవలసిందే. నాణెం మీది 92 అనే సంఖ్యను చూసి అదే సంవత్సరమని పొరబడేవారు కొందరున్నారు. అక్షరాలకు అంకెలిచ్చే అబ్జద్ పద్ధతిలో అది ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం.

తరువాతిది తూకం. ఈ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8 పాళ్లు, అంటే తొమ్మిది గ్రాములకు కాస్త పైన. కల్దారులో 10.7 గ్రాముల వెండి ఉండేది. ఏడు హాలీలకు ఆరు కల్దార్లన్న నాటి మారకం లెక్కకు వెండి లెక్క కూడా ఇంచుమించుగా సరిపోవడం చూడముచ్చటగా ఉంటుంది. హిజ్రీ 1360ల నాటి యుద్ధకాలపు రూపాయిల్లో మాత్రం బరువు మారకుండానే వెండి సగానికి పడిపోయింది గనుక, సంవత్సరం చదవకుండా వెండి ధర కట్టిన షరాబు నష్టపోతాడు.

అసలు నేర్పు కనబడేది స్థితిని నిర్ణయించడంలో. నాణెం చేతులు మారేకొద్దీ ముందుగా అరిగేవి ఎత్తైన భాగాలు: మినార్ల కొసలు, తోరణాల గీతలు, పారసీ లిపి మలుపులు. వీటిలో ఏ ఒక్కటీ చెదరకుండా, నాణేన్ని దీపం కింద వంచి తిప్పితే తళుకు చక్రపు ఆకుల్లా తిరుగుతూ కనిపిస్తే దానిని చెలామణి కానిదిగా ఎంచుతారు. గీతలు మొద్దుబారినా అక్షరాలు చదవగలిగితే ఫైన్ అనీ, అంతకన్న పదునుగా ఉంటే వెరీ ఫైన్ అనీ అంటారు. అచ్చు సరిగా పడని నాణేలలోనూ మినార్లు చదునుగానే ఉంటాయి, అయితే ఆ చదును మీద తళుకు మిగిలి ఉంటుంది. అరిగిన చోట మిగలదు. ఈ తేడా పట్టడానికి భూతద్దం కన్నా ఏటవాలు వెలుతురు ఎక్కువ ఉపకరిస్తుంది.

నాణేనికి కాలం చేసే చెరుపు కన్నా యజమాని చేసే చెరుపు ఎక్కువ. విభూతితోనో చింతపండుతోనో తోమిన రూపాయి ఇంట్లోవారికి కొత్తదిలా మెరుస్తుంది గానీ, సేకరించేవారి కంటికి దాని మీది వెంట్రుకవాసి గీతలు, చచ్చిన తెలుపు వెంటనే కనిపిస్తాయి. వెండి మీద ఏళ్ల తరబడి సమంగా కమ్మిన నలుపు మురికి కాదు, తోమలేదనడానికి సాక్ష్యం. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసిన నాణెం అంచు పళ్లలో టంకం మచ్చ మిగిలిపోతుంది. చిల్లు పడిన నాణెమైతే ఎంత అరుదైన సంవత్సరానిదైనా ధర సగానికి సగం పడిపోవడం వింత కాదు.

సాధారణ సంవత్సరానికి చెందిన, అరిగిన చార్మినార్ రూపాయికి వెండి ధరకు కొంచెం పైమాటే న్యాయమైన ధర. విదేశాల్లోని మనవలకు ఒక రూపాయి పంపాలనుకునే కుటుంబాలు మరొకటి గమనించాలి: 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దానిని కేంద్ర ప్రభుత్వం గానీ అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరొకరు దేశం దాటించడం నిషిద్ధం.