శునక ప్రదర్శన: రింగు చూసేది, చూడలేనిది

శునక ప్రదర్శనను అందాల పోటీగా భావించడం సామాన్యమే గానీ, దాని నియమాలను దగ్గరగా పరిశీలిస్తే ఆ భావన నిలవదు. రింగు అని పిలిచే, తాడు కట్టిన ఆవరణలో వరుసగా నిలిచిన కుక్కలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ముందే, న్యాయనిర్ణేత ఒక్కొక్కదానిని దాని జాతికి రాసిపెట్టిన లక్షణ పత్రంతో సరిచూసి, ఆ రాతకు ఏది ఎక్కువ దగ్గరగా ఉంటే దానికి మొదటి స్థానం ఇస్తాడు. జాతి ప్రమాణం అనే ఈ పత్రంలో ఎత్తు, తలకూ మూతికీ మధ్య నిష్పత్తి, కంటి రంగు, పళ్ల అమరిక, భుజపు వాలు, తోక తీరు, నడక, స్వభావం వర్ణించి ఉంటాయి. వాటిలో చాలావాటికి మూలం ఆ జాతిని మనిషి ఏ పనికి పెంచాడో ఆ పనే. కుందేలును చూపుతో పసిగట్టి తరిమే కుక్కకు లోతైన ఛాతీ, లోపలికి పోయిన పొట్ట ఎందుకు ఉండాలంటారో, వేటలో పడిన బాతును నీటిలోంచి తెచ్చే లాబ్రడార్‌కు ఒత్తయిన లోబొచ్చు ఎందుకు ఉండాలంటారో, ఆ పని తెలిసినవారికే అర్థమవుతుంది.

ఈ పద్ధతికి పుట్టిల్లు ఇంగ్లండు. 1859లో న్యూకాజిల్‌లో జరిగిన తొలి ప్రదర్శనలో పాయింటర్, సెట్టర్ అనే పక్షివేట కుక్కలకు మాత్రమే చోటు దక్కింది. 1873లో లండన్‌లో ఏర్పడిన కెన్నెల్ క్లబ్ పోటీ నియమాలతో పాటు వంశాల నమోదును కూడా తన చేతికి తీసుకుంది. మన దేశంలో ఆ బాధ్యత వహించే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చరిత్ర 1896లో మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది. తల్లిదండ్రుల నుంచి ముత్తాతల వరకు పేర్లు చూపే వంశపత్రాన్నే పెంపకందార్లు పెడిగ్రీ అంటారు. కాగితం ఒక కుక్కది, రింగులో నిలిచినది మరొకటి కాకుండా ఉండటానికి, బియ్యపు గింజంత మైక్రోచిప్‌ను చర్మం కింద ఎక్కించి దాని 15 అంకెల సంఖ్యను పత్రంలో రాస్తారు.

ఈ అభిరుచికి సంబంధించినంతవరకు తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు భూగోళమే అనుకూలంగా ఉంది. హైదరాబాద్ తిరుపతికి 550 కిలోమీటర్ల పైచిలుకు దూరం కాగా, తిరుపతి నుంచి చెన్నై సుమారు 140, చిత్తూరు నుంచి బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లే కావడం వల్ల, దక్షిణాదిలో పెద్ద ప్రదర్శనలు జరిగే రెండు నగరాలూ ఒక పూట ప్రయాణంలో అందుతాయి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉండటం మరొక వసతి. ఇక జంతువును లక్షణం చూసి ఎంచడమంటారా, అది ఈ సీమకు కొత్తగా నేర్పవలసిన విద్య కానే కాదు. సంతలో కోడెను బేరమాడే రైతు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెబుతాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు, ఒంటిమీద సుడులు ఎక్కడున్నాయో వెదుకుతాడు. సుడి అదృష్టానికి సంబంధించిన నమ్మకం, తక్కినవి దేహ నిర్మాణానికి సంబంధించిన జ్ఞానం. జాతి ప్రమాణం మొదటిదాన్ని వదిలేసి రెండవదాన్ని అందరూ చదివి వాదించుకోగల రాతగా మార్చింది.

పోటీకి సిద్ధం చేయడం అనగానే స్నానం, దువ్వెన గుర్తుకు రావడం సహజమే అయినా, అసలు పని అంతకు నెలల ముందే కండరాల దగ్గర మొదలవుతుంది. సంగటి, మజ్జిగతో పల్లె కుక్క బతికేస్తుంది గానీ, రింగుకు కావలసిన నడుము బిగువు, బొచ్చు నిగనిగ మాంసకృత్తులు తగినన్ని లేని తిండితో రావు. అలాగని పక్కటెముకలు చేతికి తగలనంత కొవ్వు పట్టించడం కూడా న్యాయనిర్ణేత వేళ్లకు వెంటనే దొరికిపోయే లోపమే. రోజూ ఒకే వేగంతో చేయించే దుడుకు నడక, అంటే ముందు కుడికాలు వెనుక ఎడమకాలితో, ముందు ఎడమకాలు వెనుక కుడికాలితో జతగా లేచే నడక, వెన్నునూ తొడలనూ గట్టిపరుస్తుంది. ఎండిన ఏటి ఇసుకలో నడిపించడం కండకు మంచిదే గానీ, ఎముకలు ఇంకా ముదరని పిల్లలకు అది చేటు.

ఎండ విషయంలో దక్షిణ రాయలసీమ పెంపకందారుకు చల్లని దేశాల పుస్తకాలు పెద్దగా ఉపయోగపడవు. కుక్కకు చెమట పట్టేది దాదాపుగా పాదాల మెత్తల్లోనే కనుక, అది ఒంటి వేడిని ప్రధానంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే వదిలించుకుంటుంది. మూతి పొట్టిగా ఉండే పగ్, బుల్‌డాగ్ వంటి జాతులకు ఆ దారి కూడా ఇరుకే. 40 డిగ్రీలు దాటే తిరుపతి వేసవిలో వ్యాయామం తెల్లవారుజామునే ముగియాలి, తారురోడ్డు మీద అరచేతి వెనుక భాగాన్ని కొన్ని క్షణాలు ఆనించలేకపోతే కుక్కను దాని మీద నడపకూడదు. వేడికి జాలిపడి జర్మన్ షెపర్డ్ వంటి రెండు పొరల బొచ్చున్న కుక్కకు గుండు చేయించే యజమానులు మేలు చేస్తున్నామనుకుంటారు గానీ, లోబొచ్చుపై ఉండే పొడుగు వెంట్రుకల పొరే చర్మాన్ని ఎండనుంచి కాపాడుతుంది. ఒకసారి గొరిగితే అది మునుపటిలా సమంగా పెరగకపోవచ్చు. రాలిన లోబొచ్చును దువ్వి తీసేయడమే సరైన చల్లదనం.

బొచ్చు పని జాతిని బట్టి మారుతుంది. పొట్టి బొచ్చున్న వేటకుక్కకు రబ్బరు బ్రష్షు, తడిగుడ్డ చాలు. గరుకు బొచ్చున్న టెరియర్‌కు మాత్రం కత్తెర శత్రువు: కత్తిరిస్తే వెంట్రుక మొదలు మిగిలి బొచ్చు మెత్తబడి రంగు వెలుస్తుంది కాబట్టి, చచ్చిన వెంట్రుకలను వేళ్లతో కొద్దికొద్దిగా పీకి కొత్తవి మొలవనిస్తారు, దీనిని స్ట్రిప్పింగ్ అంటారు, దీనికి వారాలు పడుతుంది. పూడుల్‌కు అందుకు భిన్నంగా కత్తెరే సర్వస్వం. గోళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, నేలకు తగిలేంత పెరిగిన గోరు వేళ్లను విడదీసి పాదాన్ని చదును చేస్తుంది, దానితో నడకే మారిపోతుంది. పళ్లు 42, పైన 20, కింద 22. పై ముందుపళ్లు కింది వాటిని ఆనుకుని కాస్త ముందుకు ఉండటాన్ని కత్తెర కాటు అంటారు, ఎక్కువ జాతుల ప్రమాణాలు కోరేది ఇదే. పరాయి మనిషి పెదవి ఎత్తి చూస్తే బెదరకుండా నిలబడటం కుక్కకు పిల్లప్పుడే అలవాటు చేయాలి, పోటీ ముందు వారంలో నేర్పితే రాదు.

రింగులో కుక్కను నిలబెట్టే పద్ధతికి స్టాకింగ్ అని పేరు: ముందుకాళ్లు భుజాల కింద నిలువుగా, వెనుకకాళ్లు మడమ కీలు నుంచి పాదం వరకు నేలకు లంబంగా, తల ఎత్తి, బరువు నాలుగు పాదాలపై సమంగా ఉండేలా అమర్చడం. చేత్తో కాళ్లు సర్ది నిలబెట్టడం ఒక తీరు. ఉడికించిన కాలేయపు ముక్క చూపి, కుక్కే తనంతట తాను చక్కగా నిలిచేలా చేయడం మరొకటి, చూసేవారి కంటికి ఇదే హాయి. కుక్కను పట్టి నడిపించే హ్యాండ్లరు దానిని సాధారణంగా ఎడమ పక్కన ఉంచుకుంటాడు, న్యాయనిర్ణేతకూ కుక్కకూ మధ్యకు తాను రాడు, పట్టీని బిగించి తలను పైకి లాగడు. లాగిపట్టిన పట్టీ ముందుకాళ్ల చాపును చెడగొడుతుంది, అనుభవం గల న్యాయనిర్ణేత అలాంటప్పుడు పట్టీ వదులు చేసి మళ్లీ నడిపించమంటాడు.

మొత్తం పరీక్షలో ఎక్కువ చెప్పేది నడకే. కుక్క తన నుంచి దూరంగా పోతున్నప్పుడు వెనుకకాళ్లను, తనవైపు వస్తున్నప్పుడు ముందుకాళ్లను, పక్కనుంచి పోతున్నప్పుడు చాపునూ వెన్ను నిలకడనూ చూడటానికి న్యాయనిర్ణేత దానిని తిన్నగా, ముక్కోణంగా, గుండ్రంగా నడిపిస్తాడు. వేగం పెరిగేకొద్దీ పాదాలు ఒంటి మధ్యరేఖవైపు దగ్గరవడం చాలా జాతులలో సరైన నిర్మాణానికి గుర్తు. మోచేతులు బయటికి తిరగడం, వెనుక మడమలు ఒకదానినొకటి తాకడం లోపాలు. నిలబెట్టడంలో దాచగలిగిన దోషాన్ని నడక బయటపెడుతుంది కాబట్టే పాత పెంపకందార్లు ముందు కాళ్లు చూసి తరవాతే ముఖం చూస్తారు. తాకి చూసే పరీక్షలో పళ్లు, భుజం, పక్కటెముకలు, మగకుక్కలో రెండు వృషణాలూ కిందికి దిగాయా లేదా అన్నవి తేలుతాయి. వయసు తరగతుల గెలుపు నుంచి మగవాటిలో మేటి, ఆడవాటిలో మేటి, ఆ జాతిలో మేటి, ఆ వర్గంలో మేటి, చివరికి ప్రదర్శనలోనే మేటి అని పోటీ మెట్లు ఎక్కుతుంది. గెలుపుకు గుర్తుగా ఇచ్చే ఛాలెంజ్ సర్టిఫికెట్లు నిర్ణీత సంఖ్యలో వేర్వేరు న్యాయనిర్ణేతల నుంచి అందుకున్న కుక్కకు చాంపియన్ బిరుదు దక్కుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా రింగు కంటికి కనిపించేది. కనిపించనిదాని సంగతి తెలియాలంటే తెలుగువారి చేతుల్లో రూపుదిద్దుకున్న ఒక జాతిని చూడాలి. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం, విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి తరలివెళ్లిన రాజుల ఊరు, వారి ఇళ్లలో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. అడవిపందుల వేటకూ కాపలాకూ అక్కడ పెంచిన తెల్లని వేటకుక్కే రాజపాళయం జాతి: నిలువెత్తు దేహం, లోతైన ఛాతీ, గులాబీ రంగు ముక్కు, బంగారు ఛాయ కళ్లు. 2005లో తపాలా శాఖ దేశవాళీ కుక్కలపై విడుదల చేసిన నాలుగు బిళ్లల్లో ఇదొకటి, కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ కూడా దీన్ని జాతిగా నమోదు చేసింది.

అయితే ఆ తెలుపుకు వెల ఉంది. లోపలి చెవిలో రంగు కణాలు లేకపోతే వినికిడి కణాలు పుట్టిన కొన్ని వారాలకే నశిస్తాయి. ఒంటి రంగును తుడిచిపెట్టే జన్యువులే కొన్నిసార్లు చెవిలోని ఆ కణాలనూ తుడిచిపెడతాయి. డాల్మేషియన్ జాతిలో ఇది బాగా తెలిసిన సంగతి: అమెరికాలో పరీక్షించిన వాటిలో సుమారు 30 శాతానికి ఒక చెవికో రెండు చెవులకో వినికిడి లేదు. రాజపాళయంలో కూడా చెవుడు చాలాకాలంగా తెలిసిన సమస్యే, ముఖ్యంగా నీలికళ్ల పిల్లల్లో. మచ్చలేని తెలుపునే గెలిపించే రింగు, తనకు తెలియకుండానే చెవుడును కూడా గెలిపించే ప్రమాదం ఉంది, ఎందుకంటే యజమాని కదలికను చూసి నడిచే చెవిటి కుక్క రింగులో ఏ లోపమూ లేనిదానిలాగే కనిపిస్తుంది.

దీనికి తోడు దగ్గరి సంబంధాలు. గెలిచిన ఒకే మగకుక్కతో అందరూ జత కట్టించడం వల్ల కొన్ని తరాలకే జాతి అంతా దాయాదులవుతుంది. మేనరికం తెలిసిన సీమవాసులకు ఈ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది: మేనమామ మేనకోడలి సంతానంలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 12.5 శాతం, మేనబావ మరదళ్ల సంతానంలో 6.25 శాతం, లక్షణాన్ని స్థిరపరుస్తామంటూ పెంపకందార్లు కలిపే తోబుట్టువుల జతలో, తండ్రీ కూతుళ్ల జతలో అది 25 శాతం. వంశపత్రం అసలు విలువ ఇక్కడే ఉంది. దానిని గోడకు తగిలించే ప్రతిష్ఠగా చూసేవారు దానిలో సగమే చదువుతున్నారు; ఏ రెండు కుక్కలను కలపకూడదో చెప్పే పత్రం అది.

కంటికి కనిపించే ఒక్క లక్షణాన్నే గెలిపించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే మరొక సాక్ష్యం పుంగనూరు ఆవు. పుంగనూరు, వాయల్పాడు, మదనపల్లె, పలమనేరు ప్రాంతాలకు చెందిన ఈ పొట్టి జాతి సాధారణంగా 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, వెన్న శాతం ఎక్కువగా ఉండే పాలకు పేరు పొందింది, కొద్దిపాటి మేతతో కరవును తట్టుకుంటుంది. సంకరం వల్ల దాదాపు అంతరించే దశకు చేరిన దానిని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం మందగా కాపాడుతూ వచ్చింది. ఆవు ఎంత పొట్టిగా ఉంటే అంత గొప్ప అనే ధోరణి ఇప్పుడు బలపడింది; ఎత్తు ఒక్కటే కొలతగా ఎంపిక సాగితే పాలు, ఈతలో సులువు, కరవును ఓర్చుకునే గుణం వెనకబడతాయి, చివరికి మిగిలేది ఇంటి ముందు ఫొటోకు నిలిచే ఆవు. కుక్కల రింగులో తెలుపుకు జరిగిందే ఇక్కడ ఎత్తుకు జరగబోతున్నది.

అలాగని ప్రదర్శనను మానాలని అనడం న్యాయం కాదు. వంశం రాసిపెట్టే అలవాటు లేనిచోట మంచి జాతులు ఎలా కరిగిపోతాయో కొల్లేటి ప్రాంతంలో బాతుల మందలను కాసిన జోనంగి కుక్కను చూస్తే తెలుస్తుంది. ఆ నుదుటి ముడతల కుక్క తెలుగువారిలోనే చాలామందికి తెలియదు. రింగు చూడలేనిదాన్ని ఆసుపత్రి చూడాలి, రెండూ కలిసినప్పుడే జాతి నిలుస్తుంది. రాజపాళయం పిల్లను కొనాలనుకునే తిరుపతి, చిత్తూరు పాఠకులు, కుక్కపిల్లను ఎనిమిది వారాల లోపు అమ్మకూడదని, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలని 2017 నాటి నియమాలు చెబుతున్నాయని గుర్తుంచుకుని, తండ్రి గెలిచిన కప్పుల కంటే ముందు తల్లిదండ్రుల వంశపత్రాలను పక్కపక్కన పెట్టి చదవాలి. పిల్ల వెనుక చప్పట్లు కొట్టి చూడటం మంచిదే. కాని ఒక్క చెవి మాత్రమే వినిపించే పిల్ల కూడా ఆ చప్పుడుకు తిరిగి చూస్తుంది కనుక, మెదడుకు చేరే శబ్ద సంకేతాన్ని కొలిచే బేర్ అనే పరీక్ష చేయించిన పెంపకందారునే ఎంచుకోవాలి.