వాల్యూము మీటపై అంకెలు ఏమి చెప్పును?

“ఇంకా సగం గూడా తిప్పల్యా, అప్పుడే గోడలు అదురుతాండాయి” – క్రొత్తగా పెద్ద ఆంప్లిఫైయరును కొని తెచ్చినవారి యింట రాయలసీమలో వినవచ్చు మాట యిది. ఇందులో కొంత గర్వము, కొంత ఆశ్చర్యము కలవు. మీట సగము తిరుగకముందే ఇంత ధ్వని వచ్చినచో, చివరివరకు త్రిప్పినపుడు రెట్టింపు ధ్వని వచ్చునని వినువారు తలంతురు. శాస్త్రదృష్టితో పరీక్షించినచో ఈ తలంపు నిలువదు. అయితే ఈ పొరపాటునకు కొనువారికంటె, మీట చుట్టును 0 నుండి 10 వరకు అంకెలు వేసి, అవి దేనిని కొలుచునో చెప్పక విడిచిన తయారీదారులే ఎక్కువ బాధ్యులు. అధిక సామర్థ్యము గల ఆంప్లిఫైయరునందలి గుణదోషములను విమర్శించునపుడు ముందుగా పరిశీలింపవలసినది ఈ మీటనే.

ఈ పరిశీలనకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు ఊళ్ళు అనుకూలమైనవి. ఇవి ఒకే రైలుమార్గముపై నున్నవి. పూర్వము అనంతపురము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఒకచోట ఇటుకగోడల ఇల్లు, ఒకచోట కొండక్రింది బయలు, ఒకచోట మగ్గముల రొద – ఈ మూడింట ఒకే మీట మూడు విధములుగా ప్రవర్తించును.

మీట చేయు పని

రికార్డునుండి వచ్చు బలహీనమైన విద్యుత్సంకేతమును సరిచేయు భాగమును, స్పీకరును నడుపు భాగమును ఒకే పెట్టెలో అమర్చినచో దానిని ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫైయరు అందురు. వాల్యూము మీట ఈ రెండు భాగములకు నడుమ నుండును. అది సంకేతమును పెంచునని చాలమంది యనుకొందురు. నిజమునకు అది తగ్గించునదే. చివరివరకు త్రిప్పినపుడు సంకేతమును పూర్తిగా వదలును. వెనుకకు త్రిప్పినకొలది అడ్డగించును. హెచ్చించు పనిని దాని తరువాతి భాగము ఎల్లప్పుడు ఒకే నిష్పత్తిలో చేయుచుండును.

దీనిని చెఱువు తూముతో పోల్చవచ్చును. తూము నీటిని పుట్టింపదు. ఉన్న నీటిని వదలును. చెఱువు నిండుగా నున్నపుడు తూమును సగము ఎత్తగానే కాలువ అంచులవరకు నిండవచ్చును. అటుపై ఇంకను ఎత్తినచో పొలమునకు నీరు హెచ్చుగా పోదు. కాలువ గట్టు తెగును. తూము సగమే తెఱచియున్నది గనుక కాలువ సగమే నిండినదనుట ఎంత తప్పో, మీట సగములో నున్నది గనుక ఆంప్లిఫైయరు సగము సామర్థ్యముతో పనిచేయుచున్నదనుట అంత తప్పు.

హిందూపురములోని ఒక గది

ఒక లెక్క చూడవచ్చును. హిందూపురములో ఒక ఇంటి గదియందు 8 ఓముల స్పీకర్లకు ఒక్కొక్కదానికి 150 వాట్లు ఈయగల ఆంప్లిఫైయరు కలదనుకొనవలెను. 150 వాట్లు ఈయవలెనన్న స్పీకరు కొనలవద్ద సుమారు 34.6 వోల్టులు ఉండవలెను. వోల్టేజి వర్గమును ఓములచే భాగించినచో వాట్లు వచ్చునను సూత్రము విద్యార్థులకు తెలిసినదే. ఈ యంత్రము వోల్టేజిని 100 రెట్లు హెచ్చించునదైనచో, లోపలికి 0.346 వోల్టు వచ్చిన చాలును. పూర్తి సామర్థ్యము బయటపడును.

టేపు రికార్డరు, రేడియో ట్యూనరు వంటి పాత సాధనములు సామాన్యముగా వోల్టులో కొంతభాగమునే ఇచ్చెడివి. వాటికి ఈ 100 రెట్లు అవసరమే. కాని 1982లో కాంపాక్టు డిస్కు విపణిలోనికి వచ్చినది. దాని యంత్రము గరిష్ఠముగా సుమారు 2 వోల్టుల నిచ్చును. ఇప్పటి అనేక డిజిటల్ సాధనములును ఈ మేరకే ఇచ్చుచున్నవి. మీటను చివరివరకు త్రిప్పినచో 2 వోల్టులు 200 వోల్టులు కావలెను. అట్లు జరుగుటకు 5,000 వాట్లు కావలెను! 150 వాట్ల యంత్రము దానిని ఈయజాలదు. తరంగముల శిఖరములను, లోయలను నఱికివేసి, విరూపమైన ధ్వనిని మాత్రమే ఈయగలదు.

ఇక సగము త్రిప్పినపుడు? వాల్యూము మీట లోపలి నిరోధమును చెవి స్వభావము ననుసరించి లాగరిథము పద్ధతిలో అమర్తురు. అందుచే అనేక మీటలు సగము తిరిగినపుడు సంకేతములో 10 నుండి 15 శాతము మాత్రమే వదలును. 15 శాతమనుకొన్నచో 2 వోల్టులకు 0.3 వోల్టు లోపలికి పోయి, 30 వోల్టులు బయటకు వచ్చును. అనగా 112 వాట్లు. సగము మీటకే మూడువంతుల సామర్థ్యము వ్యయమైనది. మిగిలిన సగములో లభించునది 112 నుండి 150 వాట్లకు గల భేదము మాత్రమే. అది డెసిబెళ్ళలో 1.25. ఇంత చిన్న భేదమును చెవి గుర్తించుటయే కష్టము. ధ్వని రెట్టింపుగా తోచుటకు సుమారు 10 డెసిబెళ్ళు, అనగా పది రెట్ల సామర్థ్యము, హెచ్చవలెను. కాబట్టి “చివరివరకు త్రిప్పిన రెట్టింపు” అను ఆశకు ఆధారము లేదు.

నిత్యజీవితమున వలసిన సామర్థ్యమెంత? సామాన్యమైన స్పీకర్లు ఒక వాటుతో, చిన్నగదిలో కూర్చున్నవారి చెవివద్ద సుమారు 85 డెసిబెళ్ళ ధ్వని నీయగలవు. హాయిగా పాట వినుటకు 70 చాలును. 15 డెసిబెళ్ళు తగ్గుట అనగా సామర్థ్యము 32వ వంతగుట. ఆ పాటలో మృదంగము దెబ్బవంటి శిఖరములు సగటుకంటె 20 డెసిబెళ్ళు హెచ్చుగా నున్నను సుమారు 3 వాట్లే యగును. ఆ శిఖరములే సాధనము ఈయగల 2 వోల్టులను అందుకొనుననుకొన్నచో, ఈ 3 వాట్లకు మీట వదలవలసినది సుమారు రెండున్నర శాతము. పూర్తిగా 300 డిగ్రీలు తిరుగు మీటలో ఇది మొదటి 25 డిగ్రీల లోపలనే ముగియును. సంసారమంతయు మొదటి పండ్రెండవ భాగములోనే. మిగిలిన పదునొకండు భాగములు అలంకారమునకే!

గుణములు, దోషములు

ఇంతమాత్రమున పెద్ద ఆంప్లిఫైయరు నిరుపయోగమని తీర్పు చెప్పుట న్యాయము కాదు. దాని మిగులు సామర్థ్యము ఒక గుణము. చిన్న యంత్రమును శక్తికి మించి నడిపినపుడు నఱకబడిన తరంగములలో అధిక పౌనఃపున్యములు పుట్టి, స్పీకరులోని చిన్న కోనును, అనగా ట్వీటరును, కాల్చివేయగలవు. పెద్ద యంత్రము అదే ధ్వనిని శ్రమలేక స్వచ్ఛముగా నిచ్చును. అందువలన స్పీకరును కాల్చునది ఎల్లప్పుడు పెద్ద యంత్రమే యనుట సరికాదు.

దోషములు వేఱుచోట నున్నవి. మొదటిది: మీట ప్రారంభభాగములో వ్రేలు కొంచెము కదలినను ధ్వని చాల మారును, రాత్రివేళ మెల్లగా వినవలెనన్న నిలుపుట కష్టము. రెండవది: ఎడమ, కుడి స్పీకర్లకు ఒకే ఇరుసుపై రెండు నిరోధములుండును. చౌక రకములలో ఇవి ప్రారంభభాగముననే ఒకదానితో నొకటి సరిపోలవు. ఒకవైపు పాట వినవచ్చుచుండగా మఱియొకవైపు నిశ్శబ్దముగా నుండును. నిత్యము వాడుచోటనే మీట మిక్కిలి లోపభూయిష్ఠముగా నుండుట విచిత్రము.

మూడవది లౌడ్‌నెస్ అను బొత్తాము. ధ్వని తగ్గినకొలది చెవికి మంద్రస్వరములు మఱింత తక్కువగా వినబడునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిన వక్రరేఖలు చూపినవి. ఆ లోపము తీర్చుటకే ఈ బొత్తాము. కాని పలు యంత్రములలో అది మీట యున్న స్థానమునుబట్టి మంద్రమును హెచ్చించును. మీట స్థానమే ధ్వని ప్రమాణమని దాని నమ్మకము. ఆ నమ్మకము తప్పని పై లెక్కయే చెప్పుచున్నది. తత్ఫలితముగా గట్టిగా మ్రోగునపుడు సైతము మంద్రము అనవసరముగా పెరిగి, పాట గుబగుబలాడును.

ఇక చౌక పెట్టెలపై కనబడు “పి.ఎం.పి.ఓ.” వేల వాట్ల సంఖ్యలు క్షణకాలపు కల్పిత గరిష్ఠములు, కొనువారు చూడవలసినది ఎడతెగక ఈయగల ఆర్.ఎం.ఎస్. వాట్లను, అవి ఎన్ని ఓములకో దానిని. కొన్ని యంత్రములు చివరి స్థానమును సున్నగా నుంచి, క్రిందికి మైనస్ 10, మైనస్ 20 డెసిబెళ్ళని చూపును. మీట తగ్గించునదే యను సత్యమును ఒప్పుకొన్న పద్ధతి యిది, మెచ్చదగినది. కాని ఇదియు గదిలోని ధ్వని ఎంతయో చెప్పజాలదు.

బయలు, మగ్గము

గదినుండి బయటకు వచ్చినచో లెక్క మారును. పెనుకొండలో కొండక్రింది బయలున ఉత్సవమునకు కట్టు మైకుసెట్టులోనిదియు ఇట్టి ఏకపేటిక ఆంప్లిఫైయరే. గోడలు లేనిచోట దూరము రెట్టింపైన ప్రతిసారి 6 డెసిబెళ్ళు తగ్గును. ముందు వరుసవారికి చెవులు పగులుచుండ, వెనుకవారికి వినబడలేదని మీట త్రిప్పుదురు. కొమ్ము స్పీకరు ఒక వాటుతో మీటరు దూరమున 105 డెసిబెళ్ళు ఇచ్చునదైనచో, 100 వాట్లతో 125 ఇచ్చును. కిలోమీటరు దూరమున, అడ్డు లేనిచో, అది 65గా మిగులును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను పరిమితిగా విధించినవి. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బహిరంగస్థలమున లౌడుస్పీకరును సామాన్యముగా నిషేధించినవి. పదవతరగతి పరీక్షకు చదువుకొను విద్యార్థి కిలోమీటరు దూరముననున్నను ఈ మీటకు లోబడియే యుండును. దీనికి మందు మీటలో లేదు. చిన్న స్పీకర్లను ప్రేక్షకుల నడుమ పలుచోట్ల ఉంచుటయే మందు.

ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధి. మరమగ్గముల షెడ్డులలో రొద 90 డెసిబెళ్ళు దాటుట అరుదు కాదు. అచ్చట పాట వినబడవలెనన్న అదియు 90కి చేరవలెను. నిశ్శబ్దమైన ఇంటిలో 65తో సరిపోవు పాటకు ఇచ్చట 300 రెట్లకు మించిన సామర్థ్యము కావలెను. అంతేకాదు, 90 డెసిబెళ్ళ రొదకు 90 డెసిబెళ్ళ పాట తోడైనచో మొత్తము 93 అగును. ప్రతి 3 డెసిబెళ్ళకును చెవి ఓర్వగల కాలము సగమగును. పని అలసటను మఱపించుటకు పెట్టిన పాట, చెవికి మాత్రము రెండవ మగ్గమై కూర్చుండును. మధ్యాహ్నము మగ్గములాగినపుడు మీట అచ్చటనే యుండును. అంతవరకు సరిగా తోచిన ధ్వని వీధినంతయు ముంచెత్తును. మీటకు సరియైన స్థానమనునది యంత్రములో లేదు, పరిసరములో నున్నదని దీనివలన స్పష్టమగుచున్నది.

సవరణ

ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన ననుసరించి పెద్దలు వారమునకు 40 గంటలు వినదగిన ధ్వని 80 డెసిబెళ్ళు; పిల్లలకు 75. హిందూపురపు గదిలో ఆ 150 వాట్లు పూర్తిగా వెలువడినచో 107 డెసిబెళ్ళగును. లెక్క ప్రకారము దానిని వారమునకు 5 నిమిషములు వినుట కూడ హెచ్చే. చెవిలోపలి రోమకణములు ఒకసారి నశించినచో మరల పుట్టవు.

ఇంటి యంత్రమును దిద్దుకొనుట సులభము. సాధనమునకు, ఆంప్లిఫైయరునకు నడుమ, ప్రతి వైపునకు 9 వేల ఓముల నిరోధమును వరుసలోను, దాని తరువాత వెయ్యి ఓముల నిరోధమును సంకేతపు తీగకు, భూమితీగకు నడుమను కలిపినచో వోల్టేజి పదవవంతగును. అనగా 20 డెసిబెళ్ళు తగ్గును. అప్పుడు నిత్యము వినుస్థానము మీట నడిమికి వచ్చును. రెండు స్పీకర్లును సమముగా పలుకును. చివరివరకు త్రిప్పినను 50 వాట్లు మించవు, తరంగము నఱకబడదు. 150కి 50 అనగా తగ్గినది 5 డెసిబెళ్ళలోపే. సాధనములోనే ధ్వనిని తగ్గించు ఏర్పాటున్నచో ఈ నిరోధములును అక్కరలేదు.

ఉన్నతపాఠశాలలో దీనిని ప్రయోగముగా చేయవచ్చును. చరవాణిలోని ధ్వనిమాపకము సంపూర్ణముగా ఖచ్చితమైనది కాకున్నను పోల్చుటకు పనికివచ్చును. దానిని వినువారి స్థానమున ఉంచి, ఒకే స్వరమును మ్రోగించుచు, మీటను ఒక్కొక్క అంకెకు త్రిప్పి కొలతలు వ్రాసి, గ్రాఫు గీయవలెను. మొదట నిట్టనిలువుగా లేచి, పిదప చదునగు రేఖ కనబడును. శ్రుతి మించకముందే, విరూపము వినబడిన వెంటనే ఆపవలెను. పిమ్మట 70 డెసిబెళ్ళు వచ్చు స్థానమున మీట ప్రక్కను ఒక చిన్న కాగితపు ముక్క అంటించినచో, తయారీదారు వేసిన పది అంకెలకంటె ఆ యింటివారికి అదియే ఎక్కువ ఉపయోగపడును.