కొలువు ముందా, శిక్షణ ముందా?

2018 జూన్ 28న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఒక ప్రకటన చేసినది. బి.ఎడ్. చదివినవారు ప్రాథమిక పాఠశాలలలోనూ ఉపాధ్యాయులుగా చేరవచ్చును. చేరిన రెండేండ్లలోగా ఆరు నెలల బ్రిడ్జి కోర్సు పూర్తిచేసిన చాలునట! ఆ గడువు ముగియునప్పటికి ఒకటవ తరగతి పిల్లవాడు మూడవ తరగతికి చేరును.

గుంటూరు, ప్రకాశం పల్లెలలో మిరపకోతలకు తల్లి వెంట పోయి, వారాల తరువాత బడికి వచ్చిన పిల్లవానికి మరచిన అక్షరాలను మరల నేర్పవలెనన్న ప్రత్యేకమైన నేర్పు కావలెను. హైస్కూలు బోధనకై ఏర్పడిన బి.ఎడ్. ఒక్కటే అందుకు చాలదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కూడ ఆ అర్హత చెల్లదన్నది.

వేరొక మార్గమును తెరచుట దోషము కాదు. శిక్షణను కొలువు వెనుకకు నెట్టుటయే దోషము. నారు పెంచిన పిదపనే గదా మిరప నాటుదుము!