తెరగోడ వెనక ఇల్లు

బీజింగ్ పాత సందుల్లోని సిహెయువాన్ ఇళ్లు చైనా వాస్తుపద్ధతి అయిన ఫెంగ్ షుయ్ పనితనానికి చక్కని నమూనా. నడుమ ఆరుబయలు, నాలుగు వైపులా గదులు. పెద్దలుండే గది ఉత్తరాన ఉండి దక్షిణానికి తెరుచుకుంటుంది. చలికాలపు వాలుటెండ లోపలి దాకా వస్తుంది, ఉత్తరపు ఈదురుగాలికి వెనక గోడ అడ్డు. వీధి తలుపు సాధారణంగా ఆగ్నేయ మూలన పెడతారు. అడుగుపెట్టగానే ఎదురయ్యేది తెరగోడ. దుష్టశక్తులు తిన్నగానే నడుస్తాయన్న నమ్మకం మాటెలా ఉన్నా, దారిన పోయేవాళ్ల చూపు ఇంట్లో పడకుండా ఆపడంలో దానికి సాటి లేదు. ఇటుకల మీద చెక్కిన పూలతో ఆ అడ్డుగోడే ఇంటికి మొదటి అలంకారమైంది. పడకగదిలోనూ ఇదే తెలివి: మంచం తలవైపు గట్టి గోడ ఉండాలి, పడుకున్నవారికి తలుపు కనబడాలి, కానీ కాళ్లు దానికి సూటిగా రాకూడదు. ఫెంగ్ షుయ్ చెప్పే శక్తిప్రవాహం ఊసెత్తని ఇంటీరియర్ డిజైనర్లు కూడా చాలాసార్లు మంచాన్ని అక్కడే వేయిస్తారు.