పాటకు తూకము

మంగంపేట ముగ్గురాయి ఓడలెక్కి పరదేశముల నూనెబావుల త్రవ్వకమునకు పోవుచున్నది. మా యూరికి దూరము కాని తాళ్ళపాక పాటయు నట్లే దేశదేశములకు సాగిపోవుచున్నది. రాతిని తూచుటకు కాటాలున్నవి. పాటను దేనితో తూచవలెను? మా యింట తఱచుగా మ్రోగు కొన్ని అన్నమాచార్య గీతసంపుటములను గూర్చి ముచ్చటింపఁబూని ముందుగా ఈ ప్రశ్న వేసికొంటిమి.

అన్నమాచార్యులు (1408–1503) రచించిన కీర్తనలు రాగిరేకులపై చెక్కఁబడి, తిరుమల ఆలయమున శతాబ్దములు మఱుగుపడియుండి, ఇరువదవ శతాబ్దిలో వెలుగు చూచినవి. రేకులపై రాగముల పేర్లు కలవు గాని స్వరములు లేవు. నేఁడు మనము వినుచున్న వరుసలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు ఆధునిక విద్వాంసులు కూర్చినవి. కావున, “ఇది అన్నమయ్య వరుస, దీనిని మార్చుట అపచారము” అని యెవరేని కోపించినచో ఆ కోపమునకు ఆధారము లేదు. పాట కొక్కటే పరీక్ష: మాట చెవి కందినదా, అర్థము మనసు కెక్కినదా?

ఈ పరీక్షలో మేము మొదటి తాంబూలము ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి ‘బాలాజీ పంచరత్నమాల’ కిత్తుము. ఐదు రికార్డుల యీ సంపుటి 1979–80 ప్రాంతమున వెలువడినది. మధురలో పుట్టిన ఆమెకు తెలుగు మాతృభాష కాదు. అయినను ఒత్తు గాని దీర్ఘము గాని చెదరదు. మన పాఠశాలలలో తెలుగు చదువు పిల్లలకు ఆ రికార్డులే ఉచ్చారణ పాఠము కాఁదగును. ఒక్క కొఱత చెప్పక తప్పదు. ఆమె కంఠమున ప్రతి పాటయు పూజామందిరము చేరును. అన్నమయ్యలోని వీధియు, పొలమును, ఎకసెక్కెమును దూరముగా నిలిచిపోవును.

ఆ కొఱత తీర్చినవారు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు. తిరుపతిలో దేవస్థానముల వారి అన్నమాచార్య ప్రాజెక్టున పాడుచు, వందలకొలఁది కీర్తనలకు వరుసలు కట్టి, 2025లో వారు దివంగతులైరి. వారి వరుసలను గృహిణులు పని చేసికొనుచునే నేర్వఁగలరు. పండితుని పాటను వంటయింటికి తెచ్చుట చిన్న పని యని మేము తలంపము.

1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చలనచిత్రమునకు కీరవాణిగారు కూర్చిన సంగీతము, కీర్తన మన్న మాటయే యెఱుఁగని వారికిని రుచి చూపినది. అయితే చిత్రమున పాట కథకు బానిస యగును. పలువురకు దృశ్యము జ్ఞాపకముండును, చరణము జ్ఞాపకముండదు.

ఇఁక గిటారుతోను డ్రమ్ములతోను యువకులు పాడుచున్నవి. వీనిని వినకయే చెవులు మూసికొను పెద్దలకు ఒక మాట మనవి చేయుదుము. వయొలిను పాశ్చాత్యుల వాద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముఁడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు తెచ్చిరి. నేఁ డది లేని కచేరి యరుదు. అట్టిచో గిటారును గడపకడ నిలువరించుట న్యాయమా? దోషము వాద్యమున లేదు. తాళము కొఱకు మాటను నడుమ విఱుచుట దోషము. ఒక్క యక్షరముపై పది నిమిషములు సంగతులు గుప్పించి, తక్కిన పాదము మఱపించు విద్వాంసునిదియు నదే దోషము.

ఒక సంగతి చెప్పి విరమింతుము. ఒకనాఁడు మేమొక మిత్రుని యింట కూర్చుండి ‘బ్రహ్మమొక్కటే’ అను కీర్తన వినుచుంటిమి. రాజు నిద్రయు బంటు నిద్రయు నొక్కటే యనియు, బ్రాహ్మణుఁడు మెట్టు భూమియు చండాలుఁ డుండు భూమియు నొక్కటే యనియు చెప్పు పాట యది. బౌళి రాగము, చక్కని గాత్రము. ప్రతి మాటయు స్పష్టముగా వినఁబడుచున్నది. అంతలో గనిపని ముగించుకొని పోవుచు ఒక కూలివాఁడు దాహ మడిగెను. ఇంటివారు తమ గ్లాసులు విడిచి, చూరున దోపియుంచిన వేఱు గ్లాసు తీసి నీరు పోసిరి. పాట సాగుచునే యుండెను. మిత్రుఁడు తాళము తప్పక తొడపై వేయుచునే యుండెను. మేమును నోరు మెదపకుంటిమి. ఆ మౌనమునకు నేఁటికిని సిగ్గుపడుచున్నాము.

ఆ పాటలో లోపము లేదు, గాయకునిలో లోపము లేదు. విన్న మేమే తూకమునకు తక్కువ వచ్చితిమి. ఇంటింట బిడ్డలకు ఈ పాటలు నేర్పించు తల్లిదండ్రులను మేము కోరున దొక్కటే: వరుస నేర్పుటకు ముందు అర్థము చెప్పుఁడు. పిమ్మట మీ చూరులోని గ్లాసు నొకమాఱు చూడుఁడు.